మార్గరెట్ ఎందుకు ఇవ్వలేదు?

అబెమామా దీవిలో మా వైపు పుట్టిన పిల్లల్లో సగంమందిని మొట్టమొదట పట్టుకున్న చేతులు నెయ్ తొరేకావి. ఆడవాళ్ళ పేరు ముందు మర్యాదకి నెయ్ అంటాం. పాతికేళ్ళుగా ఆమె మా ఆరోగ్యకేంద్రంలో ఆయా. ఆయా ఏమేం చెయ్యాలో ఎవరో పెద్ద ఆఫీసరుగారు కాగితం మీద రాయించి గోడకు అంటించి వెళ్ళారు. నేల తుడవాలి, గుడ్డలు ఉడకబెట్టాలి, నీళ్ళ తొట్టి నింపాలి. కానుపులు చెయ్యాలని అందులో ఎక్కడా లేదు. కాబట్టి పాతికేళ్ళపాటు ఆ పని ఆవిడ ఏదో పొరపాటున చేసినట్టన్నమాట. పుట్టిన పిల్లల రిజిస్టరులో ‘కానుపు చేసినవారు’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో తొరేకా పేరు ఒక్కసారి కూడా పడలేదు.

ఇప్పుడు ఆ గడిలో సంతకం పెట్టే అధికారం నెయ్ మెరేయాది. ఇరవై మూడేళ్ళ పిల్ల. రాజధాని తారావాలో నర్సు చదువు చదివి, ముద్ర వేసిన కాగితం పుచ్చుకుని వచ్చింది. తల్లి కడుపులో అడ్డం తిరిగిన ఆ మెరేయాని బయటికి తీసింది కూడా తొరేకాయే. ఆ సంగతి తొరేకా ఎప్పుడూ ఎత్తదు, ఊరు మాత్రం వారానికోసారైనా ఎత్తుతుంది. పిల్ల చెడ్డదేం కాదు. కానుపు తేలిగ్గా ఉంటే, “అక్కా, రూలు ప్రకారం నువ్వు గదిలో ఉండకూడదు” అంటుంది. కానుపు కష్టమైతే రూలు మర్చిపోయి, అక్కా ఎక్కడున్నావ్ అని కిటికీలోంచి కేకలు పెడుతుంది.

తొరేకాకి కావలసింది ఆ గడి. దానికి దారి లేకపోలేదు. పెద్ద వయసు ఆయాలకు తారావాలో ఏడాది శిక్షణ ఉంది. అది పూర్తిచేస్తే ముద్ర కాగితం, కాగితం ఉంటే సంతకం. అయితే శిక్షణలో చేరాలంటే వయసు నలభై అయిదు దాటకూడదు. దానికంటే ముందు ప్రభుత్వంవారి ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. ఒక పాఠం ఇస్తారు, చదివి అర్థం చేసుకుని కింద ప్రశ్నలకు జవాబులు రాయాలి. మనిషికి మూడుసార్లే అవకాశం. మా దీవిలో ఇంతవరకు ఏ బిడ్డా ఇంగ్లీషులో పుట్టలేదు, ఏ తల్లీ ఇంగ్లీషులో నొప్పులు పడలేదు. కానీ ఆ మాట పెద్ద ఆఫీసరుగారికి ఎవరు చెబుతారు? చెప్పాలన్నా ఇంగ్లీషులోనే చెప్పాలి.

మొదటిసారి తొరేకా తప్పింది. అప్పటికి ఆమెకు నలభై రెండు.

ఆ ఏడే హెదర్ టీచరు వచ్చింది. ఆస్ట్రేలియా మనిషి, రెండేళ్ళు ఉచితంగా పాఠాలు చెబుతానని వచ్చింది. వారానికి రెండు సాయంత్రాలు మనెయబాలో, అంటే మా ఊరంతా కూర్చునే పెద్ద కప్పు కింద, చాపల మీద తరగతి. మొత్తం తొమ్మిదిమందిమి. తొరేకా, ఆమె పిన్ని కొడుకు బౌరో, పాస్టరుగారి భార్య, ఇంకో ఆరుగురం. బౌరో చేపల ఐసుగదికి కాపలాదారు. లోపల కుర్చీలో కూర్చునే గుమాస్తా కావాలని అతని కోరిక. దానికీ ఇదే పరీక్ష. ఐసుగడ్డలు లెక్కపెట్టడానికి కూడా ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవాలట.

టీచరు తెచ్చిన పుస్తకం మెల్‌బోర్న్‌లో అచ్చయింది. అందులో ట్రాము ఏ వేళకు వస్తుందో ఒక పాఠం, మంచులో జారిపడ్డ ముసలాయన మీద ఒక పాఠం, కుక్క తప్పిపోయి ఏడ్చిన పిల్ల మీద ఒక పాఠం. మా దీవిలో ట్రాము లేదు, మంచు ఐసుగదిలో తప్ప లేదు, కుక్కలు ఎంత తప్పిపొమ్మన్నా పోవు. అయినా అన్నీ నోరెత్తకుండా చదివాం. టీచరు ఒకటే మంత్రం నేర్పింది. జవాబు పాఠంలోనే ఉంటుంది, మీ తలలోంచి తియ్యకండి అని. మాకు ఆ మంత్రం నచ్చింది కూడా. ఏడో పాఠందాకా ఏ ఇబ్బందీ రాలేదు.

ఏడో పాఠం మార్గరెట్ది. కథ చిన్నదే. మార్గరెట్ పద్నాలుగో నంబరు ఇంట్లో ఉంటుంది. ఒక శనివారం పక్కింటి కీత్ వచ్చి, గడ్డి కోసే యంత్రం ఒకసారి ఇస్తారా అని అడిగాడు. మన్నించండి, ఇవ్వలేను అంది మార్గరెట్. తలుపు వేసి, లోపలికెళ్ళి టీ పెట్టుకుంది. ఆమె మనసు తేలికపడింది. కథ అంతే. ముందు ఆ యంత్రం ఏమిటో టీచరు బొమ్మ గీసి చెప్పింది. కోసిన గడ్డి ఎవరు తింటారని పాస్టరుగారి భార్య అడిగింది. ఎవరూ తినరట, కోసి పారేస్తారట. సరే, ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకుని ప్రశ్నల్లోకి వెళ్ళాం.

మొదటి ప్రశ్న, కీత్ ఏమడిగాడు? అందరం రాసేశాం. రెండో ప్రశ్న, మార్గరెట్ ఎందుకు ఇవ్వలేదు?

తొమ్మిది కాగితాల్లో తొమ్మిది జవాబులు వచ్చాయి. యంత్రాన్ని అప్పటికే వాళ్ళ చెల్లెలు పట్టుకుపోయి ఉంటుందని బౌరో రాశాడు. కీత్ అడిగిన తీరు బాగాలేదు, కూర్చుని గాలీ వానా మాట్లాడకుండా గుమ్మంలో నిలబడి అడుగుతారా అని పాస్టరుగారి భార్య రాసింది. యంత్రం పాడైపోయింది, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడింది అని ఇంకొకాయన. తొరేకా అయితే, అది మార్గరెట్ది కాదు, చచ్చిపోయిన మొగుడిది, చూస్తే ఏడుపొస్తుంది, అందుకని ఇవ్వలేదు అని అరపేజీ రాసింది. చదివి వినిపిస్తుంటే ఇద్దరు ముక్కు చీదారు.

హెదర్ టీచరు తల పట్టుకుంది. ఇవేవీ పాఠంలో లేవు, ఆమెకు ఇవ్వాలని లేదు, అందుకే ఇవ్వలేదు, అదే జవాబు అంది.  తొరేకా మెల్లగా అడిగింది.

“పాపం, ఆవిడకి నా అన్నవాళ్ళు ఎవరూ లేరా టీచర్?”

మా దగ్గర బుబుసి అని ఒకటుంది. మనవాడు వచ్చి, చాప మీద కూర్చుని, గాలి ఎటు వీస్తోందో మాట్లాడి, చివర్లో ఫలానాది నాకు కావాలి అంటే ఇచ్చెయ్యాలి. లేదనడానికి వీల్లేదు. లేదన్నవాడి మొహం మళ్ళీ ఎవరూ చూడరు. ఇచ్చింది తిరిగి రాదు. కావాలంటే నువ్వూ ఓ రోజు వెళ్ళి, గాలీ వానా మాట్లాడి, అడిగి తెచ్చుకోవచ్చు. మరి పరాయివాడు అడిగితే అంటారేమో. మూడు తరాలు వెనక్కి తవ్వితే పరాయివాడంటూ మిగలడు. అమ్మమ్మ పేరు అడుగుతూ పోవాలి, అంతే. హెదర్ టీచరుతో కూడా నాలుగు నెలల్లో చుట్టరికం కలిపి సైకిలూ, రేడియో, గొడుగూ తీసుకున్నాం. ఆవిడ మొదట్లో కుదరదంది. ఒంట్లో బాగాలేదేమోనని ఊరంతా పలకరించడానికి వెళ్ళాం.

ఇలాంటి ఊళ్ళో ఒక మనిషి పరీక్షకు చదవడమంటే మాటలా? తొరేకా పెన్సిలు కొంటే సాయంత్రానికి మేనత్త కూతురు పట్టుకుపోయేది. టీచరు ఇచ్చిన పుస్తకంలో ట్రాము పాఠాన్ని వదినగారి పిల్లలు గాలిపటాలకు బుబుసి అడిగి చింపుకెళ్ళారు. టీ కెటిల్ పోయింది, కుర్చీ పోయింది. చదువుకునే వేళ కూడా పోయింది. ఎవరో ఒకరు వచ్చి, నడుం పట్టేసింది కాస్త నూనె రాయవా అనేవాళ్ళు. ఆమె రాసేది. రాస్తూ నోట్లో మంచు పాఠం వల్లించేది. మొగుడు ఎరియా నెమ్మదస్తుడు, అడిగినవాళ్ళకు అందించడమే అతని పని. ఇన్ని పోయినా ఒకటి మిగిలింది, ఆమె కళ్ళద్దాలు. కంటి డాక్టర్ల బృందం వచ్చినప్పుడు ఇచ్చారు, ఆకుపచ్చ ఫ్రేమువి. అవి లేకపోతే అక్షరాలన్నీ ఆమెకు చీమల బారే.

రెండోసారి పరీక్ష రోజున బడి గుమ్మం దగ్గర బౌరో నిలబడి ఉన్నాడు. వారం కిందట చేపలకు వెళ్ళినప్పుడు అతని కళ్ళద్దాలు సముద్రంలో పడిపోయాయి. వచ్చి పక్కన కూర్చున్నాడు. ఈరోజు గాలి తూర్పునుంచి అన్నాడు. అవునంది తొరేకా, ఏం రాబోతోందో తెలిసి. తర్వాత అతను అడిగాడు, ఆమె తీసి ఇచ్చింది. రెండు గంటలపాటు కాగితాన్ని చెయ్యి చాచి అంత దూరాన పట్టుకుని, చీమల్ని చూస్తూ కూర్చుంది. తప్పింది. పెద్ద విశేషమేమిటంటే బౌరో కూడా తప్పాడు. అద్దాలతో పాటు కాస్త ఇంగ్లీషు కూడా బుబుసి అడిగి ఉండాల్సిందని ఊళ్ళో నెల రోజులు నవ్వుకున్నారు. మూడు నెలలయ్యాక తొరేకా వెళ్ళి, గాలీ వానా మాట్లాడి, అద్దాలు అడిగి తెచ్చుకుంది. బౌరో మారుమాట లేకుండా ఇచ్చాడు. అక్కడితో లెక్క సరి.

ఇక ఒకే ఒక్క అవకాశం ఉంది. నలభై నాలుగు నిండాయి. ఈసారి తప్పితే గడి సంగతి అంతే. ఇంకో పదేళ్ళు నేల తుడిచి, గుడ్డలు ఉడకబెట్టి, కిటికీలోంచి కేక వినబడితే పరిగెత్తాలి. ఆ ఆలోచన వస్తే తొరేకా తుడిచిన నేలే మళ్ళీ తుడిచేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు, ఒక్క హెదర్ టీచరుతో అంది. టీచరుకి కోపం వచ్చింది. ఇవ్వను అని ఒక్కసారి అను తొరేకా, మార్గరెట్ అన్నట్టు, ఏమవుతుందో చూడు అంది. తొరేకా చాలాసేపు ఆలోచించి ఒక ప్రశ్న వేసింది. ఆ తర్వాత సోమవారం నాడు కీత్ మార్గరెట్‌ని పలకరించాడా లేదా అని. టీచరు పుస్తకం తిరగేసి చూసింది, పాఠం శనివారంతోనే అయిపోయింది.

పరీక్ష నలభై రోజులుందనగా మనెయబాలో ఊరి సమావేశం జరిగింది. బడి కప్పు మరమ్మతు గురించి పెద్దలు పొద్దున్నుంచి మాట్లాడుతున్నారు. మా పెద్దలు మాట మొదలుపెడితే ముందు సముద్రం పుట్టుక చెప్పాలి, తర్వాత తాతల పడవల గురించి చెప్పాలి. కప్పు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. అలా కప్పు దగ్గరికి ఇంకా రాకముందే తొరేకా లేచింది. అడక్కుండా ఆడది అక్కడ లేవడం ఎవరూ చూసి ఎరగరు. ఆమె పెద్దాయన నకిబాయె ముందుకెళ్ళి చాప మీద కూర్చుంది. గాలి తూర్పు నుంచి వీస్తోంది పెద్దయ్యా అంది. వీస్తోందమ్మా అన్నాడాయన, ఎందుకైనా మంచిదని తన చేతికర్ర గట్టిగా పట్టుకుని.

“నాదొక బుబుసి ఉంది. మీ ఒక్కరితో కాదు, ఊరందరితో. పరీక్ష అయ్యి ఫలితం వచ్చేదాకా నన్నెవరూ ఏమీ అడక్కండి.”

బుబుసి అడగొద్దని బుబుసి. పెద్దలు నోళ్ళు వెళ్ళబెట్టారు. అలాంటిది మా తాతల కాలంలో లేదని ఒకాయన అన్నాడు. తాతల కాలంలో ఇంగ్లీషు పరీక్ష కూడా లేదని ఇంకొకాయన అన్నాడు. ఇస్తే ఊరు ఊరుగా ఉండదు, ఇవ్వకపోతే బుబుసి బుబుసిగా ఉండదు. సాయంత్రం దాకా తేల్చుకోలేకపోయారు. బడి కప్పు సంగతి అందరూ మర్చిపోయారు, అది ఇప్పటికీ కారుతూనే ఉంది. చివరికి నకిబాయె చేతికర్ర పక్కన పెట్టి, అడిగిందిగదా, లేదనడానికి మనమేమన్నా మార్గరెట్లమా, ఇచ్చేశాం పో తల్లీ అన్నాడు. ఆ పాఠం అప్పటికే ఊరంతా పాకింది.

మొదటి వారం తొరేకాకి పండగలా గడిచింది. పెట్టిన పెన్సిలు పెట్టినచోటే ఉంది. సీసాలో కొబ్బరికల్లు పాకం తరగలేదు. సాయంత్రమైతే అద్దాలు పెట్టుకుని ఒక పాఠం మొదటి నుంచి చివరిదాకా ఎవరూ పిలవకుండా చదివేసింది. అలా చదవొచ్చని ఆమెకు అంతవరకు తెలియదు. జవాబును తలలోంచి కాక పాఠంలోంచి తియ్యడం కూడా పట్టుబడింది. టీచరు మురిసిపోయింది.

రెండో వారానికి ఒక సంగతి అర్థమైంది. ఇంటికి ఎవరూ రావడం లేదు. ఎవరికీ కోపం లేదు, దారిలో ఎదురైతే నవ్వుతున్నారు. కానీ ఏమీ అడక్కుండా ఒకరింటికి వెళ్ళి ఏం చెయ్యాలో మా వాళ్ళకు తెలియదు. నిప్పు అడుగుతూ వస్తే కబురు చెప్పొచ్చు, ఉప్పు అడుగుతూ వస్తే మనసులో మాట చెప్పొచ్చు. ఊరికే వచ్చి కూర్చోవడం ఏం మర్యాద? తొరేకా ఒక్కతే గుమ్మంలో కూర్చుని, పాకం తరగని సీసా వంక చూస్తూ ఉండేది. టీ పెట్టుకునేది. మనసు మాత్రం తేలికపడలేదు. ఆ మార్గరెట్ అబద్ధాలకోరు అని ఎరియాతో అంది.

ముప్పయ్యో రోజు పొద్దున్న బౌరో వచ్చి ఆమె గుమ్మం ఎదుట దారిలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. పలకరించలేదు. సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపయ్యాక చూస్తే అక్కడే ఉన్నాడు.  బౌరో కూతురికి నెలలు నిండాయని తొరేకాకి తెలుసు. తొలి కానుపు, పిల్ల నడుం సన్నం. ఆరోగ్యకేంద్రం వైపు నుంచి అరుపు వినబడింది. బౌరో కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా నోరు తెరవలేదు. అడక్కూడదు కదా, మాట ఇచ్చారు.

తొరేకా పుస్తకం విసిరేసి పరిగెత్తింది. గదిలో మెరేయా మొహంలో నెత్తురుచుక్క లేదు. పిలవడానికి వీల్లేక కిటికీకి రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చిందట ఆ వెర్రిపిల్ల. మధ్యాహ్నానికి మగబిడ్డ పుట్టాడు, మెడకు పేగు చుట్టుకుని, నీలంగా. తొరేకా వీపు మీద రెండు చరిచేసరికి గుక్కపట్టి ఏడ్చాడు. మెరేయా రిజిస్టరు తెరిచి, గడిలో తన సంతకం పెట్టి, దాన్ని తొరేకా వైపు తిప్పింది.

“ఇది నీ గడి అక్కా. నువ్వు ఆ పరీక్ష పాసవ్వకపోతే నేనీ ఊళ్ళో ఉద్యోగం చెయ్యలేను, నాకు భయం.”

పాతికేళ్ళలో తొరేకాతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. బయటికొచ్చి, బట్టలు ఉడకబెట్టే పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది.

నలభయ్యో రోజు బడిలో పరీక్ష. పరీక్ష పెట్టే ఆయన పొద్దున్నే చిన్న విమానంలో దిగాడు. బల్లలు వరసగా వేశారు. తొరేకాకి కుడిపక్క బల్ల బౌరోది. ఈసారీ అతనికి అద్దాలు లేవు. కంటి డాక్టర్లు రాలేదు, ఊళ్ళో మిగిలిన అద్దాలు ఇద్దరు ముసలాళ్ళవి, అవి పెట్టుకుంటే బౌరోకి కనబడేది కూడా కనబడదు. అతను కాగితం తీసుకుని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు. తర్వాత కిటికీ వెలుతురులోకి వంచాడు. ఎడమవైపు మాత్రం తిరగలేదు. ఎక్కడ ఆ ఆకుపచ్చ ఫ్రేము కంటబడుతుందో, ఎక్కడ అడిగినట్టవుతుందోనని మెడ బిగబట్టి కూర్చున్నాడు.

తొరేకా చూసింది. అడక్కుండానే ఇచ్చెయ్యొచ్చు. మొన్న అడక్కుండానే పరిగెత్తింది కదా. ఇస్తే ఆమె తప్పుతుంది, అతను పాసవుతాడని కూడా నమ్మకం లేదు. గడి గుర్తొచ్చింది, మెరేయా మొహం గుర్తొచ్చింది. అద్దాల మీద చెయ్యి పెట్టింది. పెట్టి, ముక్కు మీదికి గట్టిగా నొక్కుకుని కాగితం వైపు తిరిగింది. జీవితంలో మొట్టమొదటిసారి ఒకరికి ఇవ్వకుండా ఉంది. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు, అయినా చెవులు సిగ్గుతో కాలిపోయాయి.

ప్రశ్నపత్రంలో చివరి పాఠం చదవబోతే కడుపు మండిపోయింది. ఇంకో ఆడమనిషి, ఇంకో పక్కింటివాడు. వీడు నిచ్చెన అడిగాడు. ఆవిడ ఇవ్వనంది. ఆ దేశంలో అందరికీ ఇదే పనిలా ఉంది. కింద ప్రశ్న, ఇవ్వనన్నాక ఆమెకు ఎలా అనిపించింది? తొరేకాకి ఆ ప్రశ్నకు జవాబు తెలుసు. ఆ గదిలోవాళ్ళందరికంటేనే కాదు, ఆ పాఠం రాసినవాడి కంటే కూడా బాగా తెలుసు. అరపేజీ కాదు, పుస్తకం రాయగలదు. పక్కన బౌరో కాగితాన్ని తిరగేసి, మళ్ళీ తిరగేసి, చేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. జవాబు పాఠంలోనే ఉంటుంది, తలలోంచి తియ్యొద్దు. ఆమె పాఠంలో ఉన్నదే రాసింది. ‘మనసు తేలికపడింది’ అని రాసి, చుక్క పెట్టింది.

ఆరు వారాలకు ఫలితాలు వచ్చాయి. దీవి పరిషత్తు గోడకు కాగితం అంటించారు. తొరేకా పాస్. నూటికి అరవై రెండు. చివరి పాఠానికి పూర్తి మార్కులు. బౌరో తప్పాడు, అతనికి ఇంకో ఒక్క అవకాశం మిగిలింది. హెదర్ టీచరు తొరేకాని కావిలించుకుని, ఇప్పుడు అర్థమైందా మార్గరెట్ అంటే అంది. బాగా అర్థమైంది టీచర్ అంది తొరేకా. టీచరు ఆ జవాబుకి కూడా పూర్తి మార్కులు వేసి ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే బౌరో వచ్చాడు. ఈసారి దారిలో నిలబడలేదు. చేతిలో రెండు చేపలు. వచ్చి చాప మీద కూర్చున్నాడు. మనవడికి పాలు బాగా పడుతున్నాయన్నాడు. గాలి తూర్పునుంచి పడమరకి తిరిగిందన్నాడు. అవును తిరిగింది అంది తొరేకా. అతను పరీక్ష గదిలో మెడ బిగబట్టి కూర్చున్నది ఆమె కళ్ళముందే ఉంది. ఆమె చెయ్యి అప్పటికే అద్దాల మీదికి వెళ్ళిపోయింది.

“గడువు అయిపోయింది కదక్కా” అన్నాడు బౌరో. అని, అడిగాడు.

తొరేకా అద్దాలు తీసి, లంగా అంచుతో తుడిచి, అతని చేతిలో పెట్టింది. ఇంతసేపా అడగడానికి అని తిట్టింది కూడా. ఆమె మనసు తేలికపడింది, ఈసారి నిజంగానే. బౌరో వెళ్ళాక ఎవరో నిప్పు కోసం వచ్చారు, ఇంకెవరో నడుం నొప్పన్నారు, సాయంత్రానికి పాకం సీసా ఖాళీ అయింది. ఇల్లంతా మనుషులు, అరుపులు. ఎరియా అందించలేక చచ్చాడు.

ఎనిమిది రోజుల తర్వాత తారావాలో శిక్షణ మొదటి రోజు. ప్రతివాళ్ళ ముందూ ఒక పుస్తకం పెట్టారు, నాలుగువందల పేజీలది, అంతా ఇంగ్లీషు, అక్షరాలు నువ్వుగింజలంత. తొరేకా తెరిచి చూసింది. చీమలు బారులు తీరి నడుస్తున్నాయి. పాఠం చెప్పే ఆవిడ మొదటి పేజీ చదవమంది. తొరేకా చెయ్యి చాచి పుస్తకాన్ని దూరంగా పట్టుకుంది. ఇంకా దూరం పట్టడానికి చెయ్యి లేదు.

పక్క బెంచీలో నలభై దాటిన ఒక ఆయా కూర్చుని ఉంది, ఎక్కడో దక్షిణపు దీవి మనిషి. ముక్కు మీద ఒక కళ్ళజోడు, మెడలో తాడుకు ఇంకో కళ్ళజోడు. తొరేకా పుస్తకం మూసి, బెంచీ మీద కాస్త జరిగి, ఆమె పక్కన సర్దుకుని కూర్చుంది. ఇక్కడ గాలి పడమర నుంచి వీస్తోందే అంది. ఆమె అవునంది. తొరేకా ఇంకాస్త జరిగింది.

“మీ అమ్మమ్మ పేరేంటి చెల్లీ?”

ఆమె తొరేకా మొహంలోకి చూసింది. ముందు మూసి ఉన్న పుస్తకం చూసింది. నిట్టూర్చి, మెడలో తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది.